రెక్కలూ, చేయీ

అమెరికా భక్తిగీతాల్లో ఆల్బర్ట్ ఇ. బ్రమ్లీ ‘ఐల్ ఫ్లై అవే’ (ఎగిరిపోతాను) 1932లో అచ్చయింది. థామస్ ఎ. డోర్సీ ‘ప్రెషస్ లార్డ్’ కట్టిందీ ఆ ఏడాదే. ఒకరు తెల్లవాడు, ఒకరు నల్లవాడు. ఇద్దరి పాటలకూ గమ్యం పరలోకమే. డోర్సీది మార్టిన్ లూథర్ కింగ్‌కు ప్రాణమైన పాట.

ఓక్లహోమాలో తండ్రి చేలో పత్తి తీస్తూ, ఆ రోజుల్లో అందరి నోటా ఆడుతున్న ఓ ఖైదీ పాటను కూనిరాగం తీస్తుంటే తన పాట తట్టిందని బ్రమ్లీయే చెప్పుకున్నాడు. ఖైదీకి జైలు ఎలాగో భక్తుడికి ఈ లోకం అలాగ. పంజరంలో చిలుక తత్వాలు విన్న చెవికి ఇదేం కొత్త కాదు. కాకపోతే మన తత్వంలో చిలుక ఎగిరిపోయాక ఖాళీ పంజరం మిగులుతుంది, చూసేవాడికి హెచ్చరికగా. బ్రమ్లీ పాటలోనో, పాడేది చిలుకే. దానికి వెనక్కి చూసే తీరిక లేదు.

డోర్సీ ఒకప్పుడు ‘జార్జియా టామ్’ పేరుతో బ్లూస్ వాయించినవాడు. 1932 ఆగస్టులో సెయింట్ లూయిస్‌లో భక్తి సభల్లో ఉండగా ప్రసవంలో భార్య నెట్టీ పోయిందని కబురొచ్చింది. బిడ్డా దక్కలేదు. అంత దుఃఖంలో ఎగిరే ఓపిక ఎవరికుంటుంది? అందుకే ఆయన రెక్కలడగడు, తన చేయి పట్టుకోమంటాడు. బ్రమ్లీకి పరలోకం ఇట్టే చేరుకునే చోటు కాగా, డోర్సీకి ముందు దారి గడవాలి.

బాణీల్లోనూ తేడా ఉంది. బ్రమ్లీ సంగీతం చదువుకున్నది ఆర్కాన్సాలోని హార్ట్‌ఫర్డ్‌లో. అక్కడి పాటల పుస్తకాల్లో స్వరానికో ఆకారం ఉంటుంది: త్రిభుజం, చతురస్రం, వజ్రం. చూసి ఊరంతా కలిసి పాడొచ్చు. కనుక ఆయన పల్లవి ఒక గొంతు ఎత్తుకుంటే మరో గొంతు అందుకునేలా ఉంటుంది. డోర్సీ పాటకు లయ కంటే ఊపిరి ముఖ్యం. మన గాయకులు సంగతులు వేసినట్టు పాడేవాళ్లు దాన్ని సాగదీస్తారు, ఆగుతారు, మళ్లీ మొదటికొస్తారు. అయితే ఇద్దరూ అప్పు తెచ్చుకున్నవాళ్లే. బ్రమ్లీకి ఊహ ఖైదీ పాట నుంచి వస్తే, డోర్సీకి బాణీ ‘మెయిట్‌లాండ్’ అనే పాత కీర్తన నుంచి వచ్చింది. ఆ అప్పు వల్ల ఎవరి పాటా చిన్నబోలేదు.

విచిత్రమేమిటంటే, ఉత్సాహంగా ఎగిరే పాట న్యూ ఆర్లీన్స్ శవయాత్రల్లో బ్యాండు మోతగా చేరింది. చావు కబురుతో పుట్టిన పాట పౌరహక్కుల ఉద్యమానికి ఊతమైంది. 1968లో కింగ్ అంత్యక్రియల్లో గాయని మహేలియా జాక్సన్ దాన్నే పాడింది.

వినదలచినవారికి ఒక మాట. బ్రమ్లీని 1948 నాటి చక్ వాగన్ గ్యాంగ్ రికార్డులో నాలుగు గొంతుల్లో వినండి. డోర్సీకి మహేలియా ఒక్క గొంతు చాలు.