కోతకు ముందు గీసే గీత

తాండూరు బండల ఊరు. వికారాబాదు జంక్షన్ దాటి వాడి వైపు సాగే రైలు ఆ ఊరిని చేరుతుంటే గనుల పక్కన పగిలిన నాపరాళ్ళ గుట్టలు, పాలిష్ యూనిట్ల ముందు నిలబెట్టిన నీలం, పసుపు బండల దొంతరలు కనిపిస్తాయి. ఇళ్ళలో, బడుల్లో మనం రోజూ తొక్కి నడిచే ఆ సున్నపురాయికి అచ్చు పనితో చుట్టరికం ఉంది. 1796 ప్రాంతంలో బవేరియాలో అలోయిస్ సెనెఫెల్డర్ అనే నాటక రచయిత తన రచనలను చవకగా అచ్చు వేసుకునే ఉపాయం వెతుకుతూ, జోల్న్‌హోఫెన్ గనుల్లో దొరికే సున్నపురాయి మీద జిడ్డు సిరాతో రాసి చూశాడు. అదీ తాండూరు బండలాగే పొరలు పొరలుగా విడే రాయి. తడిపితే జిడ్డు లేనిచోట నీరు నిలిచింది. పైన సిరా రోలరు దొర్లిస్తే నీరున్న చోటును వదిలేసి జిడ్డున్న చోటే సిరా పట్టింది. ఇవాళ తాండూరు, వికారాబాదు బజార్లలో అడ్తి దుకాణాలకు తక్‌పట్టీలు, పాలిష్ యూనిట్లకు బిల్లుబుక్కులు, పెళ్ళిళ్ళకు శుభలేఖలు వేసిచ్చే చిన్న ఆఫ్‌సెట్ మిషన్లు ఆ రాతి వంశంలోవే. రాయి పోయి పలుచని అల్యూమినియం ప్లేటు వచ్చింది. నీటికీ జిడ్డుకూ ఉన్న వైరం మాత్రం అలాగే ఉంది.

రాతి అచ్చులో నన్ను ఆకట్టుకునేది దాని పొదుపు. పని అయ్యాక రాయి మీద ఇసుక, నీళ్ళు వేసి ఇంకో రాయితో రుద్దుతారు. పాత రాత చెరిగిపోతుంది, రాయి కొత్త పనికి సిద్ధమవుతుంది. ఒక్కసారికి అరిగేది వెంట్రుకవాసి. పారేయడానికి మిగిలేది కాస్త బురద. హైదరాబాదులో కాతిబుల చేతిరాతతో ఉర్దూ అచ్చు దశాబ్దాల పాటు ఈ పద్ధతి మీదే బతికింది. అలాంటి పొదుపును ఇప్పటి అచ్చు పనిలో ఎక్కడ వెతకాలి? అచ్చు వల్ల ప్రకృతికి కలిగే నష్టం అనగానే మనకు నరికిన చెట్లు, పేపరు మిల్లు పొగ గుర్తొస్తాయి. వాటి సంగతి చెప్పుకోవలసిందే. కానీ కాగితం ప్రెస్సు గడప దాటి లోపలికి వచ్చాక దాని గతిని నిర్ణయించేది కటింగ్ మిషను దగ్గర నిలబడ్డ మనిషి, ఆఫ్‌సెట్ మిషను మీద చెయ్యేసిన మనిషి. ఈ వ్యాసం వాళ్ళ పనితనం గురించి.

ముందు కోత. మన ప్రెస్సుల్లో బాగా తిరిగే కాగితం డబుల్ డెమ్మీ: 23 అంగుళాల వెడల్పు, 36 అంగుళాల పొడవు. ఎవరో వెయ్యి కరపత్రాలు కావాలని వస్తారు, ఏ4 సైజు అంటారు. ఏ4 అంటే 210 మిల్లీమీటర్లు, 297 మిల్లీమీటర్లు. డబుల్ డెమ్మీ షీటులో అన్నిటినీ ఒకే దిక్కుగా పెట్టి కోస్తే అవి ఆరే వస్తాయి. షీటులో దాదాపు 30 శాతం పీలికలై గిల్లెటిన్ కింద రాలిపోతుంది. పని తెలిసినవాడు కత్తి దించే ముందు ఓ పాత షీటు మూలన పెన్సిల్‌తో గీసుకుంటాడు: 36ను నాలుగు చేస్తే 9, 23ను రెండు చేస్తే పదకొండున్నర. తొమ్మిది అంగుళాలు, పదకొండున్నర అంగుళాలు. ఏ4 కంటే పొడవు తగ్గేది అయిదు మిల్లీమీటర్లు, వెడల్పేమో ఇంకా కాస్త ఎక్కువే. షీటుకు ఎనిమిది వస్తాయి, పీలిక ఒక్కటీ మిగలదు. "కొంచెం పొట్టిగైతది సేటు, కానీ ఎనిమిదొస్తయ్" అని కస్టమరును ఒప్పిస్తాడు. వెయ్యి కరపత్రాలకు 167 షీట్లు పట్టేచోట 125తో సరిపోతుంది. పావు వంతు కాగితం మిగిలింది. దీనికి కొత్త యంత్రం అక్కర్లేదు, పచ్చ ముద్ర వేసిన సర్టిఫికెట్టూ అక్కర్లేదు. కావలసిందల్లా ఆ గీత గీసే అలవాటు, కస్టమరుతో రెండు మాటలు మాట్లాడే ఓపిక.

పుస్తకాలకూ ఇదే లెక్క. తెలుగులో మనకు అలవాటైన డెమ్మీ 1/8 సైజు పుస్తకం ఫారాల్లో అచ్చవుతుంది, ఫారానికి పదహారు పేజీలు. రచయిత వంద పేజీలు తెచ్చాడనుకోండి. ఆరు ఫారాలకు తొంభయ్యారు పేజీలు సరిపోతాయి. మిగిలిన నాలుగు పేజీల కోసం మళ్ళీ ప్లేటు చెయ్యాలి, మళ్ళీ మిషను కుదుర్చుకోవాలి, కుదిరేదాకా కాగితాలు చెడగొట్టాలి. అనుభవమున్న ప్రెస్సువాళ్ళు ఆ నాలుగు పేజీల సంగతి కంపోజింగ్ దశలోనే రచయితకు చెబుతారు. ఎక్కడో రెండు ఖాళీలు సర్దితే, ఒక శీర్షికను పేజీ మధ్య నుంచి పైకి జరిపితే ఆ నాలుగూ ఇమిడిపోతాయి. రచయితలు ఈ మాట చెవిన పెట్టాలని నా మనవి. అచ్చయిన పుస్తకం మోపే భారంలో పెద్ద వాటా కాగితానిదే.

కాగితం బరువు తగ్గించడం కూడా పనితనమే. తెలంగాణ ప్రభుత్వం 2025-26 పాఠ్యపుస్తకాలకు 90 జీఎస్‌ఎమ్ (చదరపు మీటరుకు 90 గ్రాములు) బదులు 70 జీఎస్‌ఎమ్ కాగితం వాడాలని నిర్ణయించింది. అదే పుస్తకం, అవే పేజీలు, కాగితం అయిదో వంతుకు పైగా తక్కువ. వికారాబాదు జిల్లా పిల్లల సంచులు కూడా ఆ మేరకు తేలికవుతాయి. కాగితం పలుచనైతే వెనక పేజీ అక్షరాలు ముందుకు కనిపిస్తాయి కాబట్టి సిరాను అదుపులో పెట్టగల చెయ్యి కావాలి. ఇక మిల్లు సంగతి. మన రాష్ట్రంలోనే, సారపాకలోని ఐటీసీ భద్రాచలం మిల్లు, గుజ్జును తెల్లబరచడానికి క్లోరిన్ వాయువు వాడే పాత పద్ధతిని 2002లోనే మానుకుంది. దేశంలో ఆ దారి పట్టిన మొదటి మిల్లు అదే. క్లోరిన్‌తో తెల్లబరిస్తే డయాక్సిన్లు పుడతాయి, అవి నీటిలోకీ చేపల్లోకీ చేరతాయి.

మళ్ళీ ప్రెస్సుకు వద్దాం. మిషను ఎక్కించాక మొదటి షీట్లు ఎప్పుడూ మంచివి రావు. సిరా హెచ్చుతగ్గులు, రంగుల పొంతన, అంచులు కుదిరేదాకా కొన్ని పదులు, ఒక్కోసారి వందలు పోతాయి. మంచి ఆపరేటరు ఆ పోయే షీట్లను కొత్త రీము నుంచి తీయడు. పాత పనుల్లో చెడిన షీట్లను దాచిపెట్టుకుని, దొంతర పైన వాటిని పరిచి మిషను నడుపుతాడు. సిరా నిలకడకు వచ్చాకే కొత్త కాగితం లోపలికి పోతుంది. అలా పదేపదే తిరిగిన షీటు ఒకటి చేతిలోకి తీసుకుని చూడండి. గుడి చందా రసీదు మీద కందిపప్పు ధరల పట్టిక, దాని మీద ఎన్నికల గుర్తు, దాని మీద ఎవరి పెళ్ళి ముహూర్తమో. ఆ షీటు చివరికి తుక్కులోకే పోతుంది, కానీ పోయే ముందు కొన్ని డజన్ల తెల్ల షీట్లను కాపాడి పోతుంది.

రంగుల వరసలోనూ బుద్ధి ఉంది. నలుపు వేసిన మిషను మీద పసుపు వెయ్యాలంటే రోలర్లను రెండు మూడుసార్లు కడగాలి. పసుపు తర్వాత ఎరుపు, ఎరుపు తర్వాత నీలం, చివర నలుపు అంటే పైపైన ఒక కడుగు చాలు. అందుకే తెలివైన ప్రెస్సులో ఆ రోజు పనులను లేత రంగుల నుంచి ముదురు రంగుల దిక్కు పేర్చుకుంటారు. ఎర్ర సిరా పనులన్నీ ఒక పూటకు చేరుస్తారు. కడగడానికి కిరోసినో పెట్రోలో పొయ్యక ముందు తుక్కు కాగితాన్ని రోలర్ల మధ్య నడిపి సిరాను దానికి పట్టిస్తారు. తగ్గిన ప్రతి కడుగూ గాలిలోకి ఆవిరయ్యే నూనెను, మురికి గుడ్డను తగ్గిస్తుంది. ఆ మురికి కాలవలోకి పోతే ఎక్కడికి పోతుందో ఈ ప్రాంతం వాళ్ళకు వేరే చెప్పాలా? మూసీ పుట్టేది వికారాబాదు అనంతగిరి కొండల్లో, అక్కడి నుంచి గండిపేట చెరువుకు పోతుంది. తాండూరు పక్క కాగ్నా పారుతుంది, భీమాలో కలుస్తుంది. సిరా గుడ్డలను మూతపెట్టిన డబ్బాలో ఉంచి, నూనె మడ్డిని వేరుగా పోగుచేసే ప్రెస్సు ఈ రెండు నదులకూ మేలు చేస్తోంది.

అన్నిటికన్నా కష్టమైన విద్య నీటిది. ప్లేటును తడిపే నీళ్ళను ఫౌంటెన్ సొల్యూషన్ అంటారు. అది కొంచెం ఆమ్లంగా, పీహెచ్ 4.5 నుంచి 5.5 మధ్య ఉండాలి. అందులో బంక కలుస్తుంది. సెనెఫెల్డర్ రాయికి పూసిన బంక జాతిదే, మన తుమ్మబంక బంధువు. నీరు ప్లేటు మీద సమంగా పరుచుకోవడానికి చాలాచోట్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కూడా కలుపుతారు. అది గాలిలోకి ఆవిరైపోతుంది. ఆపరేటరు తలనొప్పికీ, ఊరి గాలి చెడడానికీ అదొక కారణం. ఇక్కడే తాండూరు రాయి మళ్ళీ అడ్డొస్తుంది. సున్నపురాతి నేలలోంచి వచ్చే బోరు నీళ్ళు కఠినంగా ఉంటాయి. ఆ కాల్షియం రోలర్ల మీద పేరుకుంటే రోలరు నున్నబడిపోయి సిరాను పట్టదు. అప్పుడు తెలియనివాడు నీళ్ళు పెంచుతాడు, సిరా పెంచుతాడు, ఆల్కహాల్ పెంచుతాడు. షీట్లు పోతూనే ఉంటాయి. తెలిసినవాడు ముందు నీళ్ళను అనుమానిస్తాడు. ఫిల్టరు నీళ్ళు పోస్తాడు, రోలర్ల మీది సున్నాన్ని వెనిగర్‌తో తుడుస్తాడు, ఆ తర్వాతే మిగతా మరలు తిప్పుతాడు.

మంచి ఆపరేటరును గుర్తుపట్టడానికి నేను చూసేది ఒకటే: మిషనును ఎంత తక్కువ నీటి మీద నడపగలడు? నీరు మరీ తగ్గితే అచ్చు లేనిచోట కూడా సిరా పొర అంటుకుంటుంది. ఎక్కువైతే అక్షరాలు వెలిసిపోతాయి, కాగితం తడిసి సాగుతుంది, రంగులు పక్కకు జరుగుతాయి. ఈ రెంటి మధ్య ఇరుకైన దారి ఉంది. ఆ దారిని మీటరు చూపించదు. తిరిగే ప్లేటును పక్క నుంచి, వెలుతురుకు ఏటవాలుగా చూస్తాడు ఆపరేటరు. తడి మెరుపు ఎంతుందో కన్ను చెబుతుంది. రోలరు నుంచి సిరా విడిపడే చిటపట చెవి చెబుతుంది. నీరు ఒక గీత తగ్గిస్తాడు, షీటు తీసి వేలితో రుద్ది చూస్తాడు, మళ్ళీ అరగీత తగ్గిస్తాడు. ముసురు పట్టిన రోజు ఒకలా, ఎండాకాలపు మధ్యాహ్నం మరోలా. ఈ ఒడుపు చేతికి రావడానికి ఏళ్ళు పడుతుంది. వచ్చాక ఆల్కహాల్ అవసరం సగం తీరిపోతుంది, చెడే షీట్లు తగ్గుతాయి, సిరా తొందరగా ఆరుతుంది.

ప్లేటు గురించి కొంచెం. అది అల్యూమినియం కాబట్టి పాత ప్లేటు తుక్కుకు వెళ్ళి మళ్ళీ లోహంగా వస్తుంది. ఖనిజం నుంచి కొత్త అల్యూమినియం తీయడానికి పట్టే శక్తిలో అయిదు శాతంతోనే పాతదాన్ని కరిగించవచ్చు. కంప్యూటరు నుంచి నేరుగా ప్లేటు వేసే సీటీపీ వచ్చాక మధ్యలో ఫిల్మూ, దాన్ని కడిగే మందులూ పోయాయి. ఏటేటా మళ్ళీ వచ్చే బిల్లుబుక్కుల ప్లేట్లకు బంక పూసి, కాగితం చుట్టి, పేరు రాసి అటకెక్కించే ప్రెస్సులు ఉన్నాయి. ఆ ప్లేటు మరుసటి ఏడాది అలాగే పనికొస్తుంది.

సిరాలో నూనె పెట్రోలియం నుంచి రావడం కొత్త కాలపు అలవాటు. పూర్వం అచ్చు సిరాకు అవిసె నూనె కాచేవారు. 1980ల్లో అమెరికా పత్రికలు సోయా నూనె సిరాలకు మళ్ళాయి. తాండూరు పొలాల్లో కందితోపాటు పండే కుసుమ నూనె కూడా గాలికి ఆరే జాతిదే, రంగుల తయారీలో వాడతారు. మన ప్రాంతపు నూనె మన సిరాలోకి చేరే రోజు కోసం నేను ఆశగా ఎదురుచూస్తున్నాను.

ఇంత జాగ్రత్తనూ ఒక్క అచ్చుతప్పు మింగేస్తుంది. శుభలేఖలో తేదీ తప్పు, బిల్లుబుక్కులో ఫోన్ నంబరు తప్పు పడితే మొత్తం లాటు తుక్కే. తెలుగులో ఈ బెడద ఇంకా ఎక్కువ. కస్టమరు వాట్సాప్‌లో యూనికోడ్ పంపిస్తాడు, ప్రెస్సులో యూనికోడ్ కాని అనూ ఫాంటులోకి మారుస్తారు, ఆ మార్పిడిలో ఒత్తులు ఎగిరిపోతాయి. 2024 జూన్‌లో తెలంగాణ తెలుగు పాఠ్యపుస్తకాల ముందుమాటలో మాజీ ముఖ్యమంత్రి పేరు ముఖ్యమంత్రిగానే అచ్చయి, పంచిన పుస్తకాలను వెనక్కి రప్పించవలసి వచ్చింది. వాటిని గుజ్జు చేయకుండా ఆ పేజీని అతికించి మళ్ళీ పిల్లలకు ఇచ్చారు. అది సరైన నిర్ణయం. ఆ పేజీని అచ్చుకు ముందు ఒకరు నిదానంగా చదివి ఉంటే ఆ జిగురూ అక్కర్లేకపోయేది. ప్రూఫును గట్టిగా పైకి చదివి, అంకెలను వెనక నుంచి ముందుకు సరిచూసి, కస్టమరు సంతకం తీసుకున్నాకే ప్లేటు వేసే ప్రెస్సు నా దృష్టిలో గొప్ప ప్రెస్సు.

ఫ్లెక్సీల ఊసు ఎత్తక తప్పదు. 100 మైక్రాన్ల లోపు మందమున్న పీవీసీ బ్యానర్లను కేంద్రం 2022 జూలై 1 నుంచి నిషేధించింది. అంతకన్నా మందమైనవి వస్తూనే ఉన్నాయి. పుట్టినరోజు ఫ్లెక్సీ ఆయువు రెండు రోజులు, తర్వాత అది ధాన్యం కుప్ప మీదో గుడిసె కప్పు మీదో చేరి ఎండకు పొడిపొడిగా రాలుతుంది. గుడ్డ బ్యానరు మీద కుంచెతో రాసే ఆర్టిస్టులు జిల్లాలో ఇంకా ఉన్నారు. వాళ్ళకు పని ఇవ్వాలి.

చిన్న ప్రెస్సుల మూలల్లో పాత ట్రెడిల్ ఇంకా తొక్కుతూనే ఉంటారు. అక్షరాలు వేసే పని దానికి ఇప్పుడు లేదు. రసీదు నంబర్లు గుద్దడం, చింపడానికి చుక్కల గీత వెయ్యడం, శుభలేఖకు మడత గీత నొక్కడం దాని పని. దానికి ఫౌంటెన్ నీళ్ళు వద్దు, ప్లేటు వద్దు, ఆల్కహాల్ వద్దు. నంబరింగ్ చక్రాలకు రెండు చుక్కల నూనె, తొక్కే కాలు ఉంటే చాలు, ఆఫ్‌సెట్ మీద వేసిన బిల్లుబుక్కుల మీద ఒకటి నుంచి వెయ్యి దాకా నంబర్లు తడబడకుండా గుద్దేస్తుంది.