రిపోర్టు వచ్చేదాకా

ఆదిలాబాద్‌లో జనవరి నెలలో చలేస్తోందని చెబితే ఎవరూ చెవిన పెట్టరు. అందరికీ చలే. అర్లి(టి)లో, గిన్నెధరిలో రాత్రి ఎన్ని డిగ్రీలకు దిగిందో పొద్దున పేపర్లో చూసుకుని, మన కన్నా వాళ్ల గతే అధ్వానమని తృప్తిపడే జనం మనం. అందుకే మధ్యాహ్నం రెండింటికి నేను ఎండలో కుర్చీ వేసుకుని, స్వెట్టర్ మీద శాలువా కప్పుకుని కూర్చుంటే, స్వెట్టర్ కూడా లేకుండా బట్టలు ఆరేస్తున్న పక్కింటి వదిన "ఈ యేడు చలి బాగనే ఉంది" అని తన పని తాను చూసుకుంది.

చలి ఒక్కటే అయితే ఈ వారం పత్తి ధర గురించో, నాగోబా జాతర గురించో రాసేదాన్ని. వానకాలం నుంచే ఒళ్లు నా మాట వినడం లేదు. రాత్రంతా నిద్రపోయి లేచినా పడుకోనట్టే ఉంటుంది. తిండి తగ్గింది, బరువు పెరిగింది. దువ్వెన నిండా జుట్టు. గొంతు బొంగురుపోయింది. హాజరు పిలుస్తుంటే రోజూ చూసే పిల్లవాడి పేరు నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. వీటిలో ఏ ఒక్కటి చెప్పినా అవతలివాళ్ల దగ్గర జవాబు తయారుగా ఉంటుంది. నలభై దాటినంక అంతే. పొద్దస్తమానం ఫోన్ చూస్తే నిద్ర ఎట్ల పడుతుంది. సర్కారు నౌకరీ కదా, కూసొని కూసొని ఒళ్లొచ్చింది.

సలహాలకైతే కొదవ లేదు. నజర్ తగిలిందని అత్తమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. కూరగాయలమ్మే మరాఠీ తాయి ధనియాల నీళ్లు తాగమంది. స్టాఫ్‌రూంలో ఒక మేడం మామూలు ఉప్పు మానేసి సైంధవ లవణం వాడమని ప్యాకెట్ కూడా తెచ్చిచ్చింది. మా అమ్మ మాత్రం ఫోన్లో "పానం మంచిగ లేకుంటే నాలుగు దినాలు ఇంటికి రా బిడ్డా" అంది. ఆ మందే బాగా నచ్చింది, సెలవు దొరకలేదు గానీ.

మొదట చూపించుకున్న డాక్టరు నాడి పట్టకుండానే "టెన్షన్ తగ్గించుకోండి, పొద్దున్నే వాకింగ్ చేయండి" అన్నాడు. లేవలేకపోతున్నానని వచ్చిన మనిషిని నడవమని పంపాడు. రెండోసారి ఇంకొక డాక్టరమ్మ దగ్గరికి పోయాను. గ్లాసు నీళ్లిచ్చి, మింగుతుంటే మెడ వంక చూసింది, వెనక నిలబడి వేళ్లతో తడిమింది. థైరాయిడ్ పరీక్ష రాసింది. టీఎస్‌హెచ్ ఏడు దాటింది, టీ4 మాత్రం హద్దులోనే ఉంది. "ఇప్పుడే గోలి వద్దు. రెండు మూడు నెలలకు మళ్లీ చేద్దాం, అప్పుడు యాంటీ టీపీఓ కూడా చూద్దాం" అంది. ఉందని కాదు, లేదని కాదు. అక్కడున్నాను ఇప్పుడు.

ఈ అంకెల్ని మా పిల్లలకు చెప్పినట్టు చెప్పుకుంటే నాకు బోధపడింది. మెదడు కింద ఉండే పిట్యుటరీ గ్రంథిని హెడ్మాస్టరు అనుకోండి. గొంతు దగ్గర థైరాయిడ్ టీచరు. పని మందగిస్తే హెచ్ఎం మెమోలు పంపుతాడు. ఆ మెమోలే టీఎస్‌హెచ్. అందుకే టీఎస్‌హెచ్ పెరిగిందంటే థైరాయిడ్ ఎక్కువ పనిచేస్తోందని కాదు, తక్కువ చేస్తోందని. నా సంగతిలో మెమోలు పెరిగాయి, పాఠాలు, అంటే టీ4, మాత్రం ఇంకా నడుస్తున్నాయి. దీన్నే డాక్టర్లు సబ్‌క్లినికల్ హైపోథైరాయిడ్ అంటారు.

మరి ఈ ఆగడం దేనికి? దానికీ కారణాలున్నాయి. పెద్ద జ్వరం నుంచి కోలుకునేటప్పుడు టీఎస్‌హెచ్ కొన్నాళ్లు పెరిగి తనంతట తానే దిగవచ్చు. ఒకే మనిషికి తెల్లవారుజామున ఒక అంకె, మధ్యాహ్నం ఇంకో అంకె వస్తుంది. జుట్టు రాలుతోందని మనం వేసుకునే గోలీల్లోని బయోటిన్ కొన్ని యంత్రాల్లో పరీక్షనే తప్పుదోవ పట్టిస్తుంది, కనీసం రెండు రోజుల ముందు ఆపాలి. దీనికిచ్చే లెవోథైరాక్సిన్ మొదలుపెడితే చాలామందికి అది జీవితాంతం పొద్దున్నే పరగడుపున వేసుకునే గోలి. ఒక్క కాగితం చూసి అంత దూరం పోకూడదన్న ఆ డాక్టరమ్మ మాట సబబే. కోపం రాలేదా అంటే వచ్చింది.

ఆ కోపంలో చదివిందే ఈ ముచ్చట. 1873లో లండన్‌లో విలియం గల్ అనే వైద్యుడు కొందరు నడివయసు స్త్రీల గురించి రాశాడు. ముఖం ఉబ్బి, నాలుక మందమై, మాట మందగించి, చురుకైన మనుషులు నిదానమైపోయారు. ఎందుకో ఆయనకు తెలియదు. దీనికీ థైరాయిడ్‌కూ ముడి ఉందని లండన్ వైద్యుల కమిటీ ఒకటి తేల్చేసరికి 1888. న్యూకాజిల్‌లో జార్జ్ మర్రే గొర్రె థైరాయిడ్ రసాన్ని ఒక రోగికి సూదిగా ఇచ్చి చూసింది 1891లో. ఆమె కోలుకుంది, ఆ తర్వాత 28 ఏళ్లకు పైగా బతికింది. అన్నేళ్లలో ఆమె ఒక్కదానికి 870కి పైగా గొర్రెల గ్రంథులు కావలసివచ్చాయి. గల్ రాసిన నాటి నుంచి మందు దొరికేదాకా 18 ఏళ్లు. ఆ మధ్య కాలంలో ఎంతమంది ఆడవాళ్లను బద్ధకస్తులనో మతి చెడినవాళ్లనో పక్కన పెట్టి ఉంటారో ఎవరూ లెక్క రాయలేదు. రెండు మూడు నెలలు నాకు పెద్దవే, కానీ ఆ 18 ఏళ్ల పక్కన పెట్టాక కోపం కొంచెం దిగింది.

ఈ ఆగిన కాలంలో నేను నేర్చుకుంటున్న పని ఒకటుంది. నోట్‌బుక్ రాయడం. తెలుగు టీచర్ని కాబట్టి దానికో నియమం పెట్టుకున్నాను: విశేషణాలు వద్దు, క్రియలే రాయాలి. "చాలా నీరసంగా ఉంది" అని రాస్తే డాక్టరుకు ఏమీ తెలియదు, రేపు చదువుకుంటే నాకూ తెలియదు. "తడి దుప్పటి పిండలేకపోయాను, ఆయన పిండాడు" అని రాస్తే తెలుస్తుంది. "పై అంతస్తు క్లాసుకు పోతూ మెట్ల మీద ఆగాను." "పొద్దున ఉంగరం ఊడలేదు, సాయంత్రం ఊడింది." "చీటీ డబ్బులు ఇచ్చానో లేదో గుర్తు రాక మళ్లీ అడిగాను." ఇట్లాంటివి. వీటితో పాటు వారానికోసారి అదే కాంటా మీద బరువు, మంచం దిగకముందు నిండు నిమిషం నాడి, నెలసరి తేదీ, మింగిన ప్రతి గోలి పేరు.

రాయకూడనిది కూడా ఉంది. "ఎందుకు" అనే గడి. మొదట గీతలు కొట్టేటప్పుడు ఆ గడి కూడా గీద్దామనుకున్నాను, చేయి ఆపుకున్నాను. కారణం రాయడం మొదలుపెడితే రోజూ అదే కనిపిస్తుంది. వంకాయ తిన్నాను కాబట్టి, అమావాస్య కాబట్టి, ఆడబిడ్డ ఫోన్ చేసింది కాబట్టి. కారణం కనిపెట్టే పని ల్యాబుకూ డాక్టరుకూ వదిలేసి, జరిగింది జరిగినట్టు రాయడం అనుకున్నంత సులువు కాదు. పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు కూడా ఇంత నిగ్రహం నాకు అవసరం పడలేదు.

బాగున్న రోజు కూడా రాయాలి. ఇది ఇంకా కష్టం. ఆదివారం జైనథ్ గుడికి పోయి, మెట్లెక్కి, నవ్వుకుంటూ తిరిగొచ్చాను. అది రాస్తే నా రోగం అబద్ధమైపోతుందేమోనని బుగులు. రాశాను. రాయకపోతే నోట్‌బుక్ నా తరఫు వకీలు అవుతుంది గానీ సాక్షి కాదు.

డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు మొత్తం నోట్‌బుక్ తీసుకుపోకూడదు, అరపేజీకి కుదించాలి. ఓపీలో మన వెనక లైను ఉంటుంది, కొంగు పట్టుకుని లాగేవాళ్లు కూడా ఉంటారు. బస్సెక్కి పెన్‌గంగ దాటి యవత్‌మాల్‌కో, సేవాగ్రామ్‌కో, నాగ్‌పూర్‌కో పోయేవాళ్లకు ఈ అరపేజీ మరీ అవసరం. అంత దూరం పోయి, అక్కడ మరాఠీలో తడబడి, అసలు చెప్పాల్సింది మర్చిపోయి వచ్చినవాళ్లు మన దగ్గర ఎంతమంది లేరు!

మొన్న మా ఆయన ఆ నోట్‌బుక్ తిరగేసి "ఇంత ఉంటే చెప్పవేంది?" అన్నాడు. "చెప్పిన. మీరు చలికాలం అన్నరు" అన్నాను. అప్పటి నుంచి దుప్పట్లు పిండే పని ఆయనదే. మందు ఇంకా మొదలు కాలేదు గానీ ఈ లాభం మాత్రం ముందే వచ్చింది.

ఇక ఆ సైంధవ లవణం సంగతి. దీని మీద కొంచెం గట్టిగానే మాట్లాడాలి. ఉట్నూర్ ఏజెన్సీ పల్లెల్లో గొంతు వాపు (గాయిటర్) ఒకప్పుడు వింత కాదు. గుట్టల మీద వానలకు, థైరాయిడ్‌కు కావలసిన అయోడిన్ మట్టిలోంచి కొట్టుకుపోతుంది, ఆ మట్టిలో పండిన జొన్నలోనూ ఉండదు. అప్పుడు రోగం మెడ మీదే కనిపించేది, నాలాగా ఎవరికీ నచ్చజెప్పుకోవలసిన పని లేదు. ఈ దేశంలో దానికి విరుగుడు ఉప్పులో ఉందని నిరూపించిన పరిశోధనకు ముందు నిలిచినవాడు మన శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి. 1956 నుంచి హిమాచల్‌లోని కాంగ్రా లోయలో కొన్ని ఊళ్లకు అయోడిన్ కలిపిన ఉప్పు, కొన్నిటికి మామూలు ఉప్పు ఇచ్చి పోల్చి చూశారు. కలిపిన చోట గొంతు వాపులు తగ్గాయి. 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. తినే ఉప్పు అయోడిన్ లేకుండా అమ్మకూడదన్న నిషేధం ఒకసారి వచ్చి, 2000లో పోయి, 2006లో మళ్లీ వచ్చింది. మన చేతికొచ్చే కిలో ఉప్పులో కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలి. ఇంత తతంగం నడిచిన దేశంలో ఇవాళ చదువుకున్నవాళ్లం ఆ ఉప్పును కాదని, చాలావరకు అయోడిన్ కలపని గులాబీ రంగు ఉప్పును మూడింతల ధర పెట్టి కొంటున్నాం. అదీ థైరాయిడ్ మంచిగవుతుందని!

అట్లని ఉప్పు ఎక్కువ తింటే నా జబ్బు పోదు. అయోడిన్ ఉప్పు వాడే చోట పెద్దవాళ్లలో థైరాయిడ్ మందగించడానికి ఎక్కువగా కారణం మన రోగనిరోధక శక్తే ఆ గ్రంథి మీద తిరగబడడం. జపాన్ డాక్టరు హషిమోటో 1912లో వివరించిన జబ్బు ఇది. యాంటీ టీపీఓ పరీక్ష దాని కోసమే. దానికి ధనియాల నీళ్లు పనిచేయవు. దాహం తీరుతుందంతే.

ఎవరికీ చెప్పని మాట ఒకటి. ఇది థైరాయిడే అయితే బాగుండునని నాకు లోపల ఉంది. రోగం రావాలని కోరుకోవడమేమిటని మీరనవచ్చు. పేరు లేని జబ్బు కన్నా పేరున్న జబ్బుతో కాపురం సులువు. పైగా హైదరాబాద్ సహా ఎనిమిది నగరాల్లో 5,376 మందిని పరీక్షించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు 11 శాతం మందికి హైపోథైరాయిడ్ ఉందని తేలింది. నేనూ ఆ గుంపులో ఒకదాన్నైపోతే ఇంక ఎవరికీ ఏదీ నచ్చజెప్పనక్కర లేదు. కానీ ఇదే అలసటకు రక్తహీనత కారణం కావచ్చు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి అది ఉంది. బీ12 లోపం కావచ్చు, షుగర్ కావచ్చు, మనసులోని కుంగుబాటు కావచ్చు. అందుకని ఈసారి వాటి పరీక్షలూ రాయమని అడిగాను. ఒక్క జవాబు మీదే ఆశ పెట్టుకుంటే, అది కాదని తేలిన నాడు అలసటను కూడా అబద్ధమనుకుంటారు, మొదట నేనే అనుకుంటాను. రిపోర్టులో నార్మల్ అని ఉంటే ఆ జబ్బు కాదని అర్థం, మనిషికి ఏమీ లేదని కాదు.

అందరూ ఇట్లా ఆగవచ్చని మాత్రం అనుకోవద్దు. గర్భిణులు, బిడ్డ కోసం చూస్తున్నవాళ్లు నెలలు గడపకూడదు, వెంటనే డాక్టరుకు చెప్పాలి. మెడలో గడ్డ త్వరగా పెరుగుతున్నా, మింగడం కష్టమైనా, ఆయాసమో ఛాతీ నొప్పో వచ్చినా నోట్‌బుక్ పక్కన పడేసి దవాఖానకు పోవాలి. పక్కింటామె మిగిలిన గోలీలు ఇస్తే తీసుకోవద్దు, ఆమె మోతాదు ఆమెది.

నా రెండో పరీక్ష హోలీ అయినంక. ఈలోగా ఒక్క మనవి. మీ ఇంట్లో అమ్మో, అత్తమ్మో, భార్యో కొన్ని నెలలుగా చాతనైతలేదంటుంటే వయసు మీదికి నెట్టేయకండి. తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కింద పీహెచ్‌సీలోనే రక్తం తీసుకుని జిల్లా కేంద్రానికి పంపుతారు, థైరాయిడ్ పరీక్ష కూడా అందులో ఉంది. పైసలు కట్టే పని లేదు. తోడు మాత్రం మీరే పోవాలి.