నీలిగీత వెనక మనిషి

అనంతగిరి కొండల్లో సన్నటి ధారగా పుట్టిన మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఈ మాట చెప్పడం తేలిక. దారిలో వచ్చి చేరే ప్రతి వంకనూ పటమ్మీదికి ఎక్కించడమే సర్వేయరు పనితనం.

సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 పటంలో అర కిలోమీటరు నేల ఒక్క సెంటీమీటరులో ఇమిడిపోతుంది. నీళ్లుండే ఏరుకు నీలిగీత, ఎండిపోయే వాగుకు నల్లగీత. వాగులకు తరగతులూ కడతారు: కొసన పుట్టే పిల్లవంకలన్నీ ఒకటో తరగతి. రెండు ఒకట్లు కలిస్తే రెండు, రెండు రెండ్లు కలిస్తే మూడు. రెండులో ఒకటి కలిస్తే మాత్రం రెండు రెండే. లెక్క గోరంత, ఓపిక కొండంత.

పటంలో తేలనిది నేల చెబుతుంది. సర్వేయరు ఎండిన ఇసుకలోకి దిగి, ఒడ్డున తుమ్మకొమ్మకు చెత్త ఎంత ఎత్తున చిక్కుకుందో చూస్తాడు. నిరుటి వరద జాడ అదే. గొర్ల కాపరి కనబడితే ఆగుతాడు.

"పెద్దయ్యా, ఎండాకాలం ఇందులో నీళ్లుంటయా?"

"చెలిమె తీస్తే ఊరుతయి బిడ్డా."

ఆ ఒక్క మాటా అతని పుస్తకంలోకి ఎక్కుతుంది.

వాగును మరిచి ఇల్లు కట్టుకుంటే, వానాకాలంలో వాగే దారి వెతుక్కుంటూ గడప దాకా వస్తుంది. అందుకే ఆ సన్నగీతకు దండం పెట్టాలి.