పత్రికారచనా బోధనలో లోపించిన ప్రశ్న

మన దేశంలో పత్రికారచనను విశ్వవిద్యాలయ విద్యగా నేర్పాలన్న తొలి ప్రయత్నాలలో ఒకటి 1938లో అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో జరిగింది. అది ఎక్కువ కాలం సాగలేదు. 1954లో హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయం ఈ శాఖను నెలకొల్పింది. తరువాత విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ ఈ చదువు వచ్చింది. ఉర్దూలో చదువగోరేవారికి 1998లో హైదరాబాదులో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉన్నది. కనుక శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల విద్యార్థికి ఈ విద్య అందనిది కాదు. అందులో ఏమున్నది, ఏమి లోపించినది అన్నదే మన విచారణ.

ఈ విద్యలో ప్రవేశించిన విద్యార్థి మొట్టమొదట కంఠస్థం చేసేవాటిలో అమెరికన్ పండితుడు లాస్‌వెల్ 1948లో చెప్పిన సూత్రం ఒకటి. ఎవరు, ఏమి, ఏ సాధనం ద్వారా, ఎవరికి, ఏ ప్రభావంతో చెప్పారు అన్న అయిదు ప్రశ్నలు అందులో ఉన్నాయి. సమాచార ప్రసారాన్ని విశ్లేషించడానికి అవి చక్కని సాధనాలే. అయితే "ఇది నిజమా?" అన్న ప్రశ్న ఆ అయిదింటిలో లేదు. ఇది లాస్‌వెల్ దోషం కాదు. ఆయన తలపెట్టిన పని వేరు. ఆ సూత్రాన్ని మొదటి పాఠంగా చెప్పి, సత్యనిర్ధారణను "నీతి నియమాలు" అనే చివరి అధ్యాయానికి నెట్టడమే బోధనలోని లోపం.

ఈ పత్రిక పాఠకులకు ఆ ఆరవ ప్రశ్న కొత్తది కాదు. నమ్మదగని వ్యక్తి వార్త తెస్తే విచారించకుండా చర్యకు దిగవద్దని హుజురాత్ సూరా బోధిస్తున్నది. హదీసు పండితులు ఆ బోధను ఒక శాస్త్రంగానే పెంచారు. చెప్పినవాడు ఎవరి వద్ద విన్నాడు? వారిద్దరూ నిజంగా కలుసుకున్నారా? అతని జ్ఞాపకశక్తి ఎటువంటిది? సత్యసంధుడేనా? విలేఖరి తన వార్తను ఈ ప్రశ్నలతో పరీక్షించుకోవడానికి మతభేదం అడ్డురాదు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతాన్నే తీసుకోండి. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మొదలైన మండలాలలో మూత్రపిండాల వ్యాధి దశాబ్దాలుగా కుటుంబాలను కూల్చుతున్నది. తాగునీరే కారణమని కొందరు, పురుగుమందులని కొందరు, ఎండలో కఠినశ్రమ అని మరికొందరు అన్నారు. పరిశోధనలెన్నో జరిగినా కారణం ఇదేనని నిర్ధారణ కాలేదు. ఇటువంటి చోట "కారణం తేలింది" అని ఒక శీర్షిక పెడితే ఏమవుతుంది? రోగి బావి మానేస్తాడు, లేదా పంట మానేస్తాడు, కాని రోగం మానదు. అన్నది ఎవరు, ఏ పరీక్ష చేసి, ఎన్ని గ్రామాలలో చూసి అన్నారు అని అడగగలిగిన విలేఖరి కావాలి. అతన్ని తయారు చేయడానికి ఉద్దానాన్ని మించిన పాఠ్యగ్రంథం ఉత్తరాంధ్రలో లేదు.

పత్రికారచన తరగతిలో అబ్బేది కాదని, పూర్వపు సంపాదకులకు ఏ పట్టాలూ లేవని కొందరంటారు. 1863లో శ్రీకాకుళం ప్రాంతంలో జన్మించిన గిడుగు రామమూర్తిని వారు ఉదాహరిస్తారు. వాడుకభాష కోసం 1919లో "తెలుగు" అనే మాసపత్రికను నడిపిన ఆయనకు పత్రికారచనలో పట్టా లేదన్నది నిజమే. కాని శిక్షణ లేదనరాదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉంటూ, సవరలను ఇంటికి రప్పించుకొని, వారి నోటనే వారి భాష నేర్చుకొని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ కూర్చాడు. తాను మాట్లాడే ముందు ఎదుటివాని మాట వినడం, విన్నదానిని సరిచూసుకోవడం ఆయన శిక్షణ. ఆయన శిష్యుడు తాపీ ధర్మారావు "జనవాణి" సంపాదకుడుగా వాడుకభాషను పత్రికకెక్కించాడు. పట్టా అనవసరమని కాదు, పట్టాకు ఈ శ్రమ తోడు కావాలని వీరి జీవితాలు చెబుతున్నాయి.

ఈ రెండు జిల్లాలలో ముస్లిములు జనాభాలో నూటికి ఒక్కరు కూడా లేరు. ఇంత చిన్న సముదాయాన్ని గురించి ఇరుగుపొరుగువారు తెలుసుకొనేది చాలావరకు పత్రిక ద్వారానే. మన యువకులు, యువతులు ఈ విద్యలోకి రావాలనడం అందుకే. అయితే మనవారి పక్షం వ్రాయడానికే వస్తే ప్రయోజనం స్వల్పం. మనవారిని గురించిన వార్తనైనా, మనకు ఇష్టమైన వార్తనైనా అదే కఠినమైన ప్రశ్నతో పరీక్షించగలవారు కావాలి. అటువంటివారి కలానికి ఉద్దానంలోనూ, శ్రీకాకుళం పట్టణపు జామియా మసీదు వీధిలోనూ సమానంగా విలువ ఉంటుంది.