నియమం తప్పాక మొదలయ్యే తర్కం

1899లో ఒక తెలుగు కుటుంబపు తగాదా లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లింది. వాది ప్రతివాదులు బలుసు గురులింగస్వామి, బలుసు రామలక్ష్మమ్మ. తేలాల్సింది ఒక్కటే: ఒక్కగానొక్క కొడుకును దత్తత ఇస్తే ఆ దత్తత చెల్లుతుందా? ఒక్కడే కొడుకైతే వాణ్ని ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు అని వసిష్ఠ ధర్మసూత్రం చెబుతోంది. వంశం నిలబెట్టడానికి వాడు ఉండాలి కదా అని కారణం కూడా చూపిస్తోంది. అలహాబాదు నుంచి వచ్చిన అలాంటి మరో అప్పీలుతో కలిపి ఈ వ్యాజ్యాన్ని విన్నారు. చివరికి దత్తత చెల్లుతుందని తీర్పు వచ్చింది.

ఆ వాదోపవాదాల్లో మీమాంసా సూత్రాలు రాసిన జైమిని పేరు కూడా వినపడింది. కారణం జతచేసి చెప్పిన వాక్యాన్ని విధిగా తీసుకోకూడదని, అది అర్థవాదమని, అంటే హితవు లాంటిదని మీమాంసకుల సూత్రం ఉందన్నది అక్కడి వాదన. ఆ లెక్కన వసిష్ఠుడి మాట సలహా అవుతుంది. తీర్పు సరైనదా కాదా అన్నది న్యాయశాస్త్రజ్ఞులకు వదిలేద్దాం. నాకు ముఖ్యమనిపించేది అందులో బయటపడిన తేడా. ‘చేయకూడదు’ అనడం వేరు, ‘చేసినా చెల్లదు’ అనడం వేరు. మొదటిదాన్ని మనిషి మీరగలడు, మీరినప్పుడు లోకంలో ఏదో ఒకటి నిజంగానే జరుగుతుంది. రెండోదాన్ని మీరడం కుదరదు. అసలు ఆ పని జరిగినట్టే లెక్క కాదు.

కంప్యూటర్ శాస్త్రజ్ఞులకు ఈ తేడా 1980లలో గట్టిగా తగిలింది. డేటాబేస్‌లో నిబంధనలు రాసేవాళ్లకు అప్పటిదాకా ఒకే రకం నిబంధన తెలుసు: దానికి విరుద్ధమైన సమాచారాన్ని యంత్రం లోపలికే రానివ్వదు. వయసు గడిలో ఋణసంఖ్య పడకూడదంటే అది సరిపోతుంది. కానీ గ్రంథాలయం నుంచి తీసుకెళ్లిన పుస్తకాన్ని గడువులోగా తిరిగివ్వాలన్న నియమాన్నీ అలాగే రాస్తే? గడువు దాటిన పుస్తకం అనేదే ఆ యంత్రానికి అర్థం కాదు. పుస్తకం మాత్రం పాఠకుడి ఇంట్లోనే ఉంటుంది. ఉండకూడనిదాన్ని ఉన్నట్టు నమోదు చేయలేని వ్యవస్థ జరిమానా ఎలా వేస్తుంది, జ్ఞాపకం చేస్తూ ఉత్తరం ఎలా పంపుతుంది? నెదర్లాండ్స్‌లో జాన్-జూల్స్ మేయర్, రూల్ వీరింగా లాంటివాళ్లు ఈ చిక్కుతోనే తత్వశాస్త్రం వైపు చూశారు. అక్కడ విధినిషేధాల తర్కం, అంటే డియాంటిక్ లాజిక్, సిద్ధంగా కనిపించింది. ఆ తర్కానికీ కంప్యూటర్లకూ ముడివేస్తూ 1991లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదటి సదస్సు జరిగింది. ‘డియాన్’ పేరుతో ఆ సదస్సులు ఇప్పటికీ సాగుతున్నాయి.

ఆ తర్కం పుట్టుక అంత సాఫీగా ఏమీ జరగలేదు. 1926లో ఆస్ట్రియా తత్వవేత్త ఎర్న్‌స్ట్ మాలీ ‘కావాలి’ అనే మాటకు గణితం కట్టాడు. కొన్నేళ్లకు గణితజ్ఞుడు కార్ల్ మెంగర్ దాన్ని పరీక్షించి చూస్తే, ఆ సూత్రాల ప్రకారం జరగవలసింది, జరిగేది రెండూ ఒకటేనని తేలింది. ఏది జరిగితే అదే ధర్మమని చెప్పే తర్కంతో ఎవరికి పని? మళ్లీ పునాది వేసింది ఫిన్‌లాండ్‌కు చెందిన ఫాన్ రైట్, 1951లో. ‘తప్పనిసరిగా జరిగేది’, ‘జరగడానికి వీలున్నది’ అనే రెంటి మధ్య తర్కశాస్త్రం అప్పటికే చూపిన సంబంధమే ‘చేయవలసినది’, ‘చేయవచ్చునన్నది’ అనే వాటి మధ్యా ఉందని ఆయన గమనించాడు. ఒక పని చేయకపోవడానికి అనుమతి లేదంటే ఆ పని చేసి తీరాలి. చేయకూడదంటే, చేయకపోవడం విధి. ఈ రెండు మెట్లకు తోడు ఇంకో రెండు సూత్రాలు: ఒకే పని విధీ నిషేధమూ కాలేదు, ఒకటి విధి అయి, దాన్ని చేస్తే ఇంకోటి చేయాలన్నదీ విధి అయితే, ఆ రెండోదీ విధే. చూడ్డానికి ముచ్చటగా ఉండే ఈ కట్టడం మన ఊరి ఆఫీసులో నిలబడదు. ఎందుకో సమాచార హక్కు చట్టంతో చూద్దాం.

2005 నాటి ఆ చట్టంలో ఏడో సెక్షన్ ఉంది. దరఖాస్తు అందిన 30 రోజుల్లో పౌర సమాచార అధికారి సమాచారం ఇవ్వాలి. ఇచ్చేటప్పుడు ప్రతులకు రుసుము తీసుకుంటారు. కేంద్ర ప్రభుత్వ నిబంధనల ప్రకారం మామూలు కాగితమైతే పేజీకి 2 రూపాయలు. అదే సెక్షన్‌లో ఆరో ఉపవిభాగం చిన్నదే అయినా గొప్పది: గడువు దాటితే ఉచితంగానే ఇవ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఎప్పుడూ రుసుము లేదు గనుక, ప్రస్తుతానికి వాళ్లను పక్కన పెడదాం.

ఇప్పుడు నాలుగు వాక్యాలు పేర్చుదాం. గడువులోగా సమాచారం ఇవ్వాలి. గడువులోగా ఇస్తే రుసుము తీసుకోవాలి. గడువులోగా ఇవ్వకపోతే రుసుము తీసుకోకూడదు. నాలుగోది జరిగిన సంగతి: గడువు దాటిపోయింది, ఇవ్వలేదు. గుమాస్తా దగ్గర్నుంచి కమిషనర్ దాకా ఎవరిని అడిగినా ఈ నాలుగింటిలో వైరుధ్యం లేదనే అంటారు. పైన చెప్పిన తర్కానికి అప్పజెప్పి చూడండి. మొదటి రెండింటి నుంచి ‘రుసుము తీసుకోవాలి’ అని తేలుతుంది, ఎందుకంటే గడువులోగా ఇవ్వడం విధి, దాన్ని చేస్తే రుసుము తీసుకోవాలన్నదీ విధి. చివరి రెండింటి నుంచి ‘రుసుము తీసుకోకూడదు’ అని తేలుతుంది. ఒకే పని విధీ నిషేధమూ కాకూడదన్న సూత్రం అక్కడికక్కడే కూలిపోతుంది. వైరుధ్యం దొరికిన తర్కం నుంచి ఏ మాటనైనా రాబట్టవచ్చు కాబట్టి, ఇక ఆ యంత్రం చెప్పేదానికి విలువే ఉండదు.

1963లో అమెరికా తత్వవేత్త రోడరిక్ చిజం చూపిన చిక్కు ఇదే. ఆయన ఉదాహరణలో ఇరుగుపొరుగుకు సాయం వెళ్లాల్సిన మనిషి ఉంటాడు. వెళ్తే వస్తున్నానని ముందే చెప్పాలి, వెళ్లకపోతే చెప్పకూడదు. అతను వెళ్లలేదు. ఆ పాత ఉదాహరణకు మన చట్టం ఇంత అచ్చంగా సరిపోవడం యాదృచ్ఛికం అనుకోను. మంచి చట్టం ఏదైనా ఇలాగే ఉంటుంది. మొదటి నియమాన్ని అందరూ పాటిస్తారని నమ్మి రాసినవాళ్లకు ఉచిత సమాచారం ఆలోచనే వచ్చేది కాదు. రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 రూపాయలకు మించకుండా అధికారి మీద జరిమానా వేసే ఇరవయ్యో సెక్షన్ కూడా అంతే. నియమం తప్పిన మరుక్షణం మేలుకునే నియమాలు ఇవి.

ఈ చిక్కుకు వచ్చిన జవాబుల్లో నాకు బాగా నచ్చేది 1969లో స్వీడన్‌కు చెందిన బెంట్ హాన్సన్ రాసినది. జరగడానికి వీలున్న పరిస్థితులన్నిటినీ మేలైనదాని నుంచి కిందికి వరసగా పేర్చమంటాడు. పై మెట్టు మీద గడువులో ఇచ్చి రుసుము తీసుకున్న ఆఫీసు. దాని కింద ఆలస్యమైనా ఉచితంగా ఇచ్చినది. అట్టడుగున ఆలస్యం చేసి డబ్బూ వసూలు చేసినది. ‘ఫలానా పరిస్థితిలో ఫలానాది విధి’ అంటే, ఆ పరిస్థితి ఉన్న మెట్లలో అన్నిటికన్నా పైదాంట్లో ఆ పని జరిగి ఉంటుందని అర్థం. ఆలస్యం అయిపోయిందా, పై మెట్టు ఇక అందదు. మిగిలిన రెండింటిలో మేలైనది రెండోది, కనుక ఉచితంగా ఇవ్వాలి. మొదటి విధి ఎక్కడికీ పోలేదు, తప్పిందన్న సంగతి అలాగే నమోదై ఉంది. వైరుధ్యం మాత్రం లేదు. ఒక తప్పు జరిగినంత మాత్రాన మిగతా ధర్మాలన్నీ రద్దైపోవన్న సామాన్యుడి ఇంగితాన్ని గణితంలో పెట్టడానికి ఇంత పట్టింది.

మినహాయింపులది మరో దారి. ఇదే చట్టంలో ఇరవైనాలుగో సెక్షన్ కొన్ని నిఘా, భద్రతా సంస్థలను చట్టం పరిధి నుంచి తప్పిస్తుంది. ఆ వెంటనే, అవినీతి ఆరోపణలకూ మానవ హక్కుల ఉల్లంఘనకూ సంబంధించిన సమాచారాన్ని మళ్లీ పరిధిలోకి తెస్తుంది. సామాన్య నియమం, దానికి అపవాదం, ఆ అపవాదానికి ఇంకో అపవాదం. కొత్త సంగతి తెలిసినప్పుడు పాత నిర్ణయాన్ని వెనక్కి తీసుకోగలిగే తర్కం ఉంటేనే ఇది యంత్రానికి ఎక్కుతుంది. ఏ నియమం దేన్ని ఓడిస్తుందో ముందే రాసిపెట్టే ఈ పద్ధతిని ఆస్ట్రేలియాలో గైడో గవర్నటోరి బృందం చాలాకాలంగా పెంచి పోషించింది.

చట్టాన్ని ప్రోగ్రాముగా రాసే ప్రతిచోటా ఇంత సరంజామా అక్కర్లేదని కూడా ఒప్పుకోవాలి. 1986లో లండన్ ఇంపీరియల్ కాలేజీలో మరెక్ సెర్గాట్, రాబర్ట్ కొవాల్‌స్కీ, వాళ్ల సహచరులు బ్రిటిష్ పౌరసత్వ చట్టాన్ని ప్రోలాగ్ భాషలోకి దించారు. ఎవరు పౌరుడు, ఎవరు కాదు అని నిర్వచించే చట్టం అది. నిర్వచనాన్ని ఎవరూ ఉల్లంఘించలేరు గనుక విధి నిషేధాల ప్రసక్తి లేకుండానే పని నడిచింది. ఉల్లంఘనకు తావున్నచోటే ఈ తర్కం అవసరం.

ఉల్లంఘన గురించి ఇంత దీర్ఘంగా ఆలోచించిన సంప్రదాయం మనకు ఎప్పటినుంచో ఉంది. యజ్ఞవిధులను మీమాంసకులు విడదీసిన తీరు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. యాగంలో ఫలానాది పొరపాటున జరిగితే ఏ ప్రాయశ్చిత్తం చేయాలి, రెండు విధులు ఢీకొంటే ఏది నిలుస్తుంది అన్నవి వాళ్లకు నిత్యం ఎదురయ్యే ప్రశ్నలు. అతిరాత్రమనే యాగంలో షోడశి పాత్రను తీసుకోవాలని ఒక వాక్యం, తీసుకోకూడదని ఇంకో వాక్యం ఉన్నాయి. వేరే దారి ఏదీ లేనందువల్ల ఇక్కడ వికల్పం ఒప్పుకున్నారు, ఏదైనా చేయవచ్చన్నారు. వికల్పానికి ఎనిమిది దోషాలున్నాయని, అది ఆఖరి మార్గమని కూడా కచ్చితంగా చెప్పారు. వైరుధ్యం కనిపించగానే ‘నీ ఇష్టం’ అనేస్తే చదివేవాడి బుద్ధికి పనేముంటుంది!

శ్యేనయాగం అంతకన్నా పెద్ద చిక్కు. ఏ ప్రాణినీ హింసించకూడదు అన్న నిషేధం ఒకవైపు. శత్రువుకు చావు కోరేవాడు శ్యేనయాగం చేయాలి అన్న వాక్యం మరోవైపు. రెండూ వేదవాక్యాలే, వేదంలో వైరుధ్యం ఉండదన్నది పునాది. మీమాంసకుల్లో ప్రభాకరుడి దృష్టిలో ఆ వాక్యం, చంపాలన్న కోరిక అప్పటికే పుట్టినవాణ్ని ఉద్దేశించినది. ఆ కోరికను వేదం పుట్టించలేదు. మండనమిశ్రుడికి విధి అంటే ‘ఈ ఫలానికి ఇది సాధనం’ అని తెలియజెప్పడమే. సాధనం చెప్పినంత మాత్రాన చేయమన్నట్టు కాదు. దారులు వేరైనా శ్యేనం చేయకూడదన్న చోటికే వచ్చి చేరతారు.

వియన్నా సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన తర్కశాస్త్రవేత్త అగాతా చాబట్టోని, మీమాంసను మూలంలో చదివిన ఎలీజా ఫ్రెస్కీ, వాళ్ల సహచరులు కలిసి ఈ వాదాలను గణితంలోకి తెచ్చారు. 2015లో వెలువడిన వాళ్ల వ్యాసం మీమాంసా న్యాయాల నుంచే సూత్రాలు తీసుకుని ఒక తర్కాన్ని కట్టింది. శ్యేనయాగపు రెండు వాక్యాలూ అందులో వైరుధ్యం లేకుండా ఇమిడాయని చూపింది. పాశ్చాత్య తర్కాన్ని తెచ్చి మన గ్రంథాల మీద కప్పలేదు వాళ్లు. సంస్కృత పంక్తులు చదివి, ఒక్కో న్యాయానికి సరిపోయే సూత్రాన్ని వెతికారు. మన విశ్వవిద్యాలయాల్లో మీమాంస చదివేవాళ్లు ఒక భవనంలో, కంప్యూటర్ సైన్స్ చెప్పేవాళ్లు ఇంకో భవనంలో ఉండి ఒకరి ముఖం ఒకరు చూసుకోకపోవడం నన్ను నిజంగా బాధపెడుతుంది. వియన్నాలో ఆ ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు.

అదే విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసిన ఎమెరీ న్యూఫెల్డ్, చాబట్టోని, గవర్నటోరి, ఎత్సియో బార్తొచ్చిలతో కలిసి 2021లో ఒక ప్రయోగం ప్రచురించారు. ప్యాక్-మ్యాన్ ఆట తెలుసుగా: సందుల్లో చుక్కలు తింటూ దయ్యాలను తప్పించుకోవాలి, భయపడ్డ దయ్యాలను తింటే ఎక్కువ పాయింట్లు. పాయింట్ల ఆశతో తనంతట తాను ఆట నేర్చుకున్న ప్రోగ్రాము పక్కన వీళ్లు ఒక పర్యవేక్షకుణ్ని పెట్టారు. దాని చేతిలో విధినిషేధాల తర్కంలో రాసిన నియమాలుంటాయి. ‘దయ్యాలను తినకూడదు’ అన్నది అందులో ఒకటి. ఆటగాడు అడుగు వేసేముందు ఏయే అడుగులు నియమానికి లోబడి ఉన్నాయో పర్యవేక్షకుడు వడపోసి చెబుతాడు. కొన్నిసార్లు సందు మధ్యలో రెండు వైపుల నుంచీ దయ్యాలు వచ్చేస్తాయి, ఎటు కదిలినా నియమం తప్పుతుంది. నిషేధాన్ని గోడలా కట్టి ఉంటే యంత్రం అక్కడ కొయ్యబారి నిలబడిపోయేది. ఈ పర్యవేక్షకుడు అలా ఆగడు. ఒక్కో అడుగుకు ఎన్ని నియమాలు తప్పుతాయో, ఎన్ని నిలుస్తాయో బేరీజు వేసి, అన్నిటిలోకీ తక్కువ తప్పున్న అడుగు వేయమంటాడు.