లైటార్పేసి పాడి చూడు!

మొన్న నా ఫోనుకి ఒక పాట వచ్చింది. పంపింది మా టీచరుగారి మనవరాలు. "నేనే రాసి, నేనే వరస కట్టి, స్టూడియోలో పాడాను పిన్నిగారూ! ఎలా ఉందో నిజం చెప్పండి" అని కింద ఓ ముక్క. నిజం చెప్పమన్నవాళ్ళకి నిజం చెప్పడమంత కష్టం మరోటి లేదు. అందులోనూ దేవుడి పాటాయె!

పైగా నేను క్రైస్తవురాలిని కాను. చిన్నప్పుడు గుంటూరులో టీచరుగారిది మా పక్కవాటా. నేను సంగీతం నేర్చుకుంటున్న రోజులు. ఓ సాయంత్రం ఆవిడ బల్లమీదున్న 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' తిరగేసి తెల్లబోయాను. పాటల నెత్తిన రాగం పేరు, తాళం పేరు! అచ్చం మా మాస్టారు రాసిచ్చే నోటుపుస్తకంలోలాగే. 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరిగారికి మతం మారింది గాని చెవి మారలేదన్నమాట. "ఆ సమాసాలకి నోరు తిరగదు బాబూ" అని ఇప్పటి పిల్లలు విసుక్కుంటారు. అదీ నిజమే, కొన్ని నాకే కొరుకుడు పడవు. కానీ పదిమంది ఆడవాళ్ళు కూడి పాడితే, ఒకరు శ్రుతి తప్పినా తక్కినవాళ్ళు మోసుకుపోయే వరసలవి.

జనంలో పాకిన పాటంటే నాకు చిన్నచూపు అనుకునేరు! 1978లో 'కరుణామయుడు' వచ్చింది. యేసు సిలువ మోసుకెళ్ళేటప్పుడు వచ్చే పాట మోదుకూరి జాన్సన్ రాశారు, బాలసుబ్రహ్మణ్యం పాడారు. శ్రావణ శుక్రవారాలు తు.చ. తప్పకుండా చేసే మా అమ్మ హాల్లో నా పక్కన కూచుని కొంగుతో కళ్ళొత్తుకుంది. సినిమా వాద్యాలే, సినిమా హంగులే. అయినా కళ్ళు మూసుకుంటే ఆ నడక కనిపిస్తుంది.

మరి ఈ పిల్ల పాటో? కీబోర్డు మోతే నిమిషంన్నర. తర్వాత గొంతు వచ్చింది గాని, నూతిలోంచి పిలుస్తున్నట్టు దానికో ప్రతిధ్వని. ప్రేమ, కృప, స్తోత్రం... మాటలు ఒకదాని వెనక ఒకటి వరస కట్టాయి. ఎవరికి వచ్చిన కష్టం, ఎక్కడ దొరికిన ఓదార్పు? ఆ జాడే లేదు. రెండో చరణమైతే ప్రాస కోసమే పుట్టింది. ఈమధ్య ఇలాంటివి చాలా వింటున్నాను. వాళ్ళవే కావు లెండి. మా వీధి వినాయకుడి పందిట్లో మైకు విన్నవాళ్ళెవరూ ఇంకొకరి పాటని వెక్కిరించలేరు.

టీచరుగారు పోయిన రాత్రి కరెంటు లేదు. హార్మోనియం చర్చిలో ఉండిపోయింది. ఆవిడ మంచం చుట్టూ చేరిన ఆడవాళ్ళు ఓ పాత కీర్తన ఎత్తుకున్నారు. చీకట్లో పుస్తకమెవరు చూస్తారు? మూడో చరణమయ్యేసరికి, మాటలు సరిగా రాని నేను కూడా పల్లవి అందుకున్నాను. అప్పటికి పదేళ్ళ పిల్ల, ఈ మనవరాలు నా ఒళ్ళోనే ఉంది. ఏడుస్తూనే పాడింది.

అందుకే జవాబు ఇలా రాశాను: "నీ గొంతు బాగుందమ్మా. కీబోర్డు ఆపి, లైటార్పేసి ఒక్కసారి పాడి చూడు. మీ అమ్మమ్మ మంచం దగ్గర మనం దీన్ని పాడగలమా?"

పంపాక భయం వేసింది. దేవుడి కోసం పాడినదానికి మార్కులేమిటని మా ఇంట్లోనే సాధించారు. దేవుడు ఏదైనా వింటాడు, ఆయనకి తప్పదు. వినవలసినవాళ్ళలో మనమూ ఉన్నాం కదా!

నాలుగు రోజులు ఉలుకూ పలుకూ లేదు. ఐదోనాడు ఫోను చేసింది.

"రెండో చరణం తీసేస్తున్నానండీ. కీబోర్డు మాత్రం తియ్యను. మీకెప్పుడూ పాతదే బాగుంటుంది" అంది. నేను నోరు విప్పేలోగా, "ఇంతకీ ఆ రాత్రి పాడింది ఏ రాగం?" అని అడిగింది.

పాట గుర్తుంది, రాగం చప్పున తట్టలేదు. టీచరుగారి పుస్తకం వాళ్ళమ్మ దగ్గరే ఉందట. పేజీ ఫోటో తీసి పంపమన్నాను.