పోచంపల్లి చీరను మగ్గం దగ్గరే చదవాలి

హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్ బట్టల షాపుల్లో పోచంపల్లి పేరు వినపడని రోజు ఉండదు. ఆ పేరుతో వందల్లో దొరికే చీరా ఉంది, వేలల్లో పలికే చీరా ఉంది. మొదటిది చాలావరకు ఆ డిజైన్‌ను బట్ట మీద అచ్చేసిన ప్రింటు. దీన్ని ఆపడానికి కాగితం మీద ఏర్పాట్లు లేకపోలేదు. కొన్ని రకాల నేతను చేమగ్గాలకే కేటాయిస్తూ 1985లో చట్టం వచ్చింది. 2005లో పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు దక్కింది. అయినా నకలు ఆగలేదంటే, కొనేవాళ్ల కంటికి తేడా తెలియకపోవడమే ముఖ్య కారణం. ఆ తేడా షాపులో ఎవరూ నేర్పరు, మగ్గం దగ్గరే తెలుస్తుంది. ఎల్బీ నగర్ నుంచి విజయవాడ హైవే మీద హయత్‌నగర్ దాటి ఎడమకు మళ్లితే భూదాన్ పోచంపల్లి, 40 కిలోమీటర్ల లోపే. 1951లో వినోబా భావే భూదానోద్యమం మొదలైన ఊరు, 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో చేర్చిన ఊరు. వచ్చినవాళ్లు వినోబా మందిరం చూసి, ఓ చీర కొనుక్కుని వెళ్లిపోతే మాత్రం ఆ ఊరు చూసినట్టు కాదు.

అక్కడ చూడాల్సింది నూలు. మామూలు చీరకు నేసేటప్పుడో నేశాకో డిజైన్ వస్తుంది. ఇక్కడ మగ్గం ఎక్కకముందే పోగులో డిజైన్ ఉంటుంది, ఇక్కత్ అంటే అదే. పేకకు, అంటే అడ్డపోగుకు, కావలసిన నూలును ముందు ఆసు పోస్తారు. ఒక మేకు నుంచి అర్ధచంద్రాకారంలో వరుసగా ఉన్న మేకులకు పోగును అటూ ఇటూ తిప్పుతూ పోవాలి. అలా పరిచిన పోగుల మీద గీతలు గీసి డిజైన్ గుర్తిస్తారు. రంగు పడకూడని చోట రబ్బరు పట్టీలతో బిగించి కట్టి, రంగులో ముంచుతారు. ఇంకో రంగు కావాలంటే కొన్ని కట్లు విప్పి, కొన్ని కొత్తగా వేసి, మళ్లీ ముంచాలి. ఆరిన పోగును వరుస తప్పకుండా కండెలకు చుట్టి, గుంట మగ్గం మీద ఒక్కో పేకనూ డిజైన్‌కు సరిపడేలా జరుపుకుంటూ నేస్తారు. పడుగునూ (నిలువు పోగు) పేకనూ రెండింటినీ ఇలా కట్టి రంగేస్తే, రెండు లెక్కలూ ఒకే చోట కలవాలి. ఇక్కత్‌లో అన్నిటికన్నా కష్టమైన పని అదే.

ఇదంతా ఒక్కసారి వరుసగా చూసినవాళ్లకు చీరను పరీక్షించే పద్ధతి వేరే చెప్పనక్కర్లేదు. రంగు పోగులోకే ఇంకింది కాబట్టి చీరకు రెండు వైపులా డిజైన్ ఒకేలా ఉంటుంది. ప్రింటును తిరగేస్తే వెనక తరచుగా వెలిసినట్టు కనిపిస్తుంది. పోగులు వెంట్రుకవాసి అటూ ఇటూ జరుగుతాయి కాబట్టి ఇక్కత్‌లో ఆకారాల అంచులు కాస్త చెదిరి ఉంటాయి. గీత గీసినట్టున్న అంచు కనబడితే అనుమానించాలి. తెలియనివాళ్లు లోపమనుకునే ఆ చెదురే అసలు నేతకు సాక్ష్యం.

జపాన్‌లోనూ ఇదే విద్య ఉంది, కసూరి అంటారు. కురుమె ప్రాంతపు కసూరికి ఆద్యురాలిగా ఇనోవే డెన్ (1788–1869) అనే మహిళను చెప్పుకుంటారు. 1957లో అక్కడి ప్రభుత్వం దాన్ని ముఖ్యమైన అమూర్త సాంస్కృతిక సంపదగా గుర్తించినప్పుడు చేతితో కట్టడం, సహజమైన నీలిమందుతో రంగేయడం, చేమగ్గం మీద నేయడం అనే షరతులు పెట్టింది. అంటే అక్కడ కాపాడాలనుకున్నది బట్ట రూపాన్ని మాత్రమే కాదు, అది తయారయ్యే తీరును కూడా. యాత్రికుడు చూడాల్సిందీ అదే.

యాత్రికులు వస్తే పని ప్రదర్శనగా మారిపోతుందని ఒక అభ్యంతరం. ఫొటోల కోసం మగ్గం ఆపిస్తే ఆ మాట నిజమే. పని వేళల్లో వెళ్లి, అడిగి, పక్కన నిలబడి చూస్తే పనికి అడ్డు రాదు. ఇంత శ్రమను పొగడడం అన్యాయమన్న అభ్యంతరం మరింత బలమైనది. ఒక్క చీర ఆసుకు చెయ్యి వేల సార్లు కదలాలి, ఆ భారం ఎక్కువగా ఆడవాళ్ల భుజాల మీదే పడేది. తల్లి పడే ఆ నొప్పి చూడలేకే ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం ఆసు యంత్రం చేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆసు యంత్రం మీదికి వెళ్లినా కట్టు, రంగు, నేత చేతిలోనే ఉన్నాయి, చీర ఇక్కత్‌గానే ఉంది. కాబట్టి శ్రమను తగ్గించడం సంప్రదాయానికి ద్రోహం కాదు. ఏ మెట్టు తీసేస్తే అది ఇక్కత్ కాకుండా పోతుందో చెప్పగలగాలి. అందుకైనా మెట్లన్నీ తెలియాలి. ఇక ధర విషయానికి వస్తే, ప్రింటు కొనడం తప్పు కాదు, అందరికీ అసలు ఇక్కత్ కొనే శక్తి ఉండదు. ప్రింటును పోచంపల్లి పేరుతో అమ్మడమే తప్పు.

ఎల్బీ నగర్‌లో బస్సెక్కేవాళ్లు పోచంపల్లిలో ముందు ఆసు, తరువాత కట్టు, రంగు, చివరికి మగ్గం, ఈ వరుసలో చూడండి. ఆ తరువాత దిల్‌సుఖ్‌నగర్ షాపులో చీర చేతికొచ్చినప్పుడు ధర అడిగే ముందు దాన్ని ఒకసారి తిరగేయండి. అలా తిరగేసి చూసే కొనుగోలుదారులు పెరిగితే, చట్టం ఇన్నేళ్లుగా చేయలేకపోయిన పని వాళ్లే చేస్తారు.